వండూర్ జెట్టీ నుంచి జాలీబోయ్ దాకా

అండమాన్‌లో పగడాల దీవి జాలీబోయ్‌కి ప్రయాణం సంచుల తనిఖీతో మొదలయ్యేది. వండూర్ జెట్టీ దగ్గర అటవీ శాఖ వాళ్లు ఒక్కొక్కరి సంచీ విప్పించి చూసేవారు. బిస్కెట్ ప్యాకెట్టు, షాంపూ సాషే, అరటిపళ్లు పెట్టుకున్న క్యారీ బ్యాగు, ఏదైనా సరే, ప్లాస్టిక్ అయితే అక్కడే ఆగాలి. సంగతి తెలిసినవాళ్లు ముందే పులిహోర, దద్దోజనం స్టీలు క్యారియర్‌లో సర్దుకుని, నీళ్లు స్టీలు సీసాలో పోసుకుని వచ్చేవారు. తెలియనివాళ్లు బిస్కెట్లన్నీ జెట్టీ మీదే పంచిపెట్టి లాంచీ ఎక్కేవారు. దీవి మీద కొట్టు లేదు, హోటలు లేదు, తాగే నీళ్లు లేవు. మోసుకెళ్లిందే తిండి.

ఆ తనిఖీ ఎంత చేసినా తక్కువే. పల్చటి కవరు ఒకటి పగడం మీద పరుచుకుంటే కింద వెలుగు ఆగిపోతుంది, వెలుగు లేకపోతే ఆ పగడానికి తిండి ఉండదు. కెరటానికి కవరు ఇటూ అటూ ఒరుసుకుంటూ మెత్తటి పై పొరను గీరేస్తుంది. అదే కవరు నీళ్లలో తేలితే తాబేలు కంటికి జెల్లీచేపలా కనబడుతుంది.

వండూర్ దక్షిణ అండమాన్‌కి నైరుతి మూల ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ముప్పై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయినా పాతవాళ్ల నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. వండూర్‌కి ఎదురుగా ఉన్న చిన్నా పెద్దా 15 దీవుల్ని, వాటి మధ్య సముద్రాన్ని కలిపి 1983లో మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. అంత పార్కులో మామూలు యాత్రికుడు పగడాలు చూడ్డానికి దిగేది రెండు దీవుల మీదే. నవంబరు నుంచి మే దాకా జాలీబోయ్, మిగతా నెలల్లో రెడ్ స్కిన్. సోమవారం సెలవు. ఒక దీవికి విశ్రాంతి ఇచ్చి ఇంకోదానికి జనాన్ని పంపడం దీనిలో ఒక కారణం. గాలి ఇంకో కారణం. శీతాకాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, దక్షిణ అండమాన్ కొండలు దాన్ని అడ్డుకుంటాయి, జాలీబోయ్ చుట్టూ నీరు అద్దంలా ఉంటుంది. నైరుతి మొదలయ్యాక అదే దీవి బహిరంగ సముద్రానికి ముఖం పెట్టినట్టవుతుంది. అప్పుడు దీవుల చాటున ఉన్న రెడ్ స్కిన్ నయం.

విమానం టికెట్టు అందని కాలంలో తెలుగువాళ్లకి అండమాన్ అంటే విశాఖ రేవు. దాదాపు 1200 కిలోమీటర్లు, 56 గంటలు. ఎం.వి. హర్షవర్ధన ఓడ ఎక్కి బంకు క్లాసులో దుప్పటి పరుచుకున్న ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డ మత్స్యకారులు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో కనబడతారు. 2011 లెక్కల్లో ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. అందుకే లాంచీ మీద హిందీ నడుస్తూ ఉండగా చుక్కాని దగ్గర్నుంచి హఠాత్తుగా "బాబూ, ఆ పక్క బరువెక్కువైపోనాది, ఇద్దరిటు రండి" అని వినిపించేది. ఆ ఒక్క మాటతో సగం భయం పోయేది.

ఇక టైము సంగతి. అండమాన్ 92 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉంది. గడియారం మాత్రం మన 82.5 డిగ్రీల గడియారమే. అంటే అక్కడ సూర్యుడు గడియారం కన్నా నలభై నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటితే చీకటి. సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుకి కాదు, పదకొండుంపావుకి కాస్త అటూ ఇటూ. ఎండ నిటారుగా పడినప్పుడే వెలుగు లోతుకి దిగుతుంది, ఏటవాలుగా పడితే చాలా భాగం నీటి మీద నుంచే తిరిగిపోతుంది. కాబట్టి పగడాల రంగు చూడాలంటే పది నుంచి పన్నెండున్నర లోపు. అందుకే లాంచీలు తొమ్మిది గంటల ప్రాంతంలోనే కదిలేవి. భోంచేసి తీరిగ్గా దిగుదామనుకున్నవాళ్లకి నీలమే మిగిలేది.

వెలుగు కన్నా పెద్ద లెక్క ఆటుపోట్లది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, ఇవాళ్టి పోటు రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటి మట్టంలో తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి ముందువెనకల నీరు మందకొడిగా కదులుతుంది. మంచి సరంగు, అంటే లాంచీ నడిపేవాడు, క్యాలెండరులో తారీఖు కన్నా తిథి ముందు చూస్తాడు. పోటు వస్తున్నప్పుడు బయటి సముద్రం నుంచి తేట నీరు లోపలికి తోసుకొస్తుంది. ఆటు మొదలైతే మడ అడవుల పాయల్లోంచి బురద, ఆకు కషాయంలాంటి గోధుమ రంగు నీరు కిందికి దిగుతుంది. అదే చోటు, అదే ఎండ, రెండు గంటల తేడాలో చూపు పది పదిహేను మీటర్ల నుంచి నాలుగు మీటర్లకి పడిపోతుంది. పోటు చివరి గంట, ఆ తరువాత నీరు నిలకడగా ఉండే కాసేపు, ఇవే అసలైన ఘడియలు. పూర్తి ఆటులో దిగితే ఇంకో ప్రమాదం: పగడాల మీద నీరు మోకాలి లోతే ఉంటుంది, ఈదేవాడి కడుపుకి పగడం, పగడానికి ఈదేవాడి కడుపు తగులుతాయి.

వండూర్ నుంచి లాంచీ ఒక గంట ప్రయాణం. మొదటి సగం పాయ లోపల. రెండు వైపులా మడ చెట్లు, వేళ్లు బురదలోకి గుంజల్లా దిగి ఉంటాయి. ఆ నీళ్లలో చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు, ఉప్పునీటి మొసళ్లున్న చోటు అది. తరువాత దీవుల మధ్య నుంచి వెళ్తుంటే నీటి రంగు ఆకుపచ్చ నుంచి నీలానికి తిరుగుతుంది. ఆ మలుపులోనే పడవ ఊగడం మొదలయ్యేది, వాంతులూ అప్పుడే. అవోమిన్ మాత్ర వేసుకుంటే బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. ఖాళీ కడుపు పనికిరాదు, నూనె పూరీలు అసలే పనికిరావు, రెండు ఇడ్లీలు సరిపోతాయి. ముందు కొసన కూర్చుంటే ఊపు ఎక్కువ, వెనక కూర్చుంటే డీజిల్ పొగ. మధ్యలో కొంచెం వెనక్కి కూర్చుని, కదలని గీత ఒకటే కాబట్టి ఆ దిగంతం వైపు చూడాలి.

జాలీబోయ్ దగ్గర జెట్టీ ఉండేది కాదు. లాంచీ లోతు నీళ్లలో ఆగితే, అడుగున అద్దం బిగించిన చిన్న పడవ పక్కకి వచ్చేది. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి దాటడం రోజంతటిలో జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. రెండు పడవలూ ఒకే కెరటానికి లేవవు. చిన్నది ముందు లేస్తుంది, పెద్దది ఆలస్యంగా. మధ్యలో వేలాడే పాత టైర్లు నలుగుతూ కిర్రుమంటాయి. సరంగు సహాయకుడు మోచేతి దగ్గర పట్టుకుని, చిన్న పడవ పైకి వచ్చి రెండు అంచులూ సమానమైన క్షణంలో "ఇప్పుడు" అనేవాడు. అప్పుడు ఒక్క అడుగు, ఎగరకుండా. కిందికి పోతున్నప్పుడు అడుగు వేస్తే మోకాలు కొట్టుకుంటుంది. అంచు పట్టుకుని ఆలోచిస్తే రెండు పడవల మధ్య వేళ్లు నలుగుతాయి. సంచీ భుజాన ఉండకూడదు, ముందు సంచీని అందించి తరువాత మనిషి దాటాలి. లంగరు వెయ్యాల్సి వస్తే ఇసుక మచ్చ చూసి వెయ్యాలి. తెల్లగా కనబడేది ఇసుక, ముదురుగా కనబడేది పగడం. పగడం మీద పడ్డ లంగరు గాలికి పడవ తిరిగినప్పుడల్లా తాడు పొడవునా గుండ్రంగా ఊడ్చేస్తుంది.

అద్దపు పడవ ఈత రానివాళ్లకి వరం. కానీ అద్దంలోంచి చూసేది బొమ్మే, చేపల మధ్య తేలడం వేరు. దానికి కళ్లూ ముక్కూ కప్పే అద్దం మాస్కు, నోట్లో పెట్టుకునే ఊపిరి గొట్టం కావాలి.

ఆ రోజుల్లో అద్దెకిచ్చే మాస్కులు నల్ల రబ్బరువి. కోడిగుడ్డు ఆకారంలో ఒకే అద్దం, ఎండకి బిరుసెక్కి పగుళ్లిచ్చిన అంచు, గొట్టం చివర చిన్న పంజరంలో పింగ్‌పాంగ్ బంతి. నీళ్లలో మునిగితే బంతి తేలి గొట్టాన్ని మూసెయ్యాలని దాని ఉద్దేశం. ఇసుక రేణువు అడ్డుపడితే బంతి ఇరుక్కునేది, నీరు నేరుగా నోట్లోకి. తరువాత మెత్తటి సిలికాన్ మాస్కులు వచ్చాయి. పరీక్ష మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పట్టీ తలకి వేసుకోకుండా మాస్కుని ముఖానికి ఆనించి, ముక్కుతో నెమ్మదిగా గాలి లోపలికి పీల్చాలి. చెయ్యి వదిలేసినా మాస్కు ఊడిపోకుండా అతుక్కుని ఉంటే అది మన ముఖానికి సరిపోయినట్టు. పడిపోతే ఎంత ఖరీదైనా వద్దు.

నీరు కారితే అందరూ చేసే తప్పు పట్టీ బిగించడం. బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది. కారణం చాలాసార్లు ఒక్క వెంట్రుక. నుదుటి మీద జుట్టు అంచు కింద చిక్కుకుంటే దాని వెంటే నీరు దారి చేసుకుంటుంది. ఆడవాళ్లు జడని గట్టిగా వెనక్కి కట్టి, నుదుటి దగ్గర వేలితో చుట్టూ ఒకసారి తడుముకుంటే పోతుంది. మీసాలున్నవాళ్లకి ముక్కు కింద కారడం మామూలు, అక్కడ కాస్త వాజిలిన్ రాస్తే చాలు. నవ్వితే బుగ్గ మడత లేచి నీరు వస్తుంది. చేపల్ని చూసి నవ్వకుండా ఉండటం కష్టమే. పట్టీ మెడ మీదికి జారకూడదు, తల వెనక ఉబ్బెత్తు భాగం మీద, చెవుల పైనుంచి పోవాలి.

అద్దానికి ఆవిరి పట్టడం ఇంకో బాధ. కొత్త మాస్కు అద్దం మీద తయారీలో అంటిన సన్నటి జిడ్డు పొర ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో లోపలి వైపు రెండు మూడుసార్లు వేలితో రుద్ది కడిగితే గానీ అది పోదు. ఆ తరువాత ప్రతిసారీ దిగే ముందు పొడి అద్దం మీద ఉమ్మి, వేలితో పరిచి, సముద్రపు నీటితో ఒక్కసారి తొలిపితే చాలు. ముందే నీళ్లలో తడిపిన అద్దం మీద ఉమ్మి నిలవదు. అసహ్యమనుకునేవాళ్లకి ఒక చుక్క బేబీ షాంపూ. దృష్టి లోపం ఉన్నవాళ్లు పవర్ అద్దాలున్న మాస్కు ముందే చూసుకోవాలి. కళ్లజోడు లోపల పెడితే కమ్మీల దగ్గర సందు పడి మాస్కు నిండిపోతుంది.

గొట్టం పొడవు ముప్పై అయిదు, నలభై సెంటీమీటర్లు దాటదు. ఇంకా పొడవుంటే ఇంకా లోతుకి పోవచ్చు కదా అని అడిగేవారు. పోలేం. లోతుకి పోయేకొద్దీ నీటి బరువు ఛాతీని నొక్కుతుంది, పైనుంచి గాలి లాగే బలం మన కండరాలకి చాలదు. పైగా వదిలిన గాలి గొట్టంలోనే ఉండిపోయి అదే మళ్లీ లోపలికి వస్తుంది. ఆ చిన్న గొట్టంతోనూ పొట్టి పొట్టి శ్వాసలు తీస్తే అదే జరుగుతుంది, తల తిరుగుతుంది, భయం మొదలవుతుంది. నెమ్మదిగా, లోతుగా, వదలడం తీసుకోవడం కన్నా ఎక్కువసేపు. గొట్టంలో నీరు పడితే తల ఎత్తి మాస్కు పీక్కోనక్కర్లేదు. "ఠూ" అని ఒక్క ఊపులో గట్టిగా ఊదితే నీరు పైనుంచి ఎగిరిపోతుంది. ఆ వెంటనే తీసుకునే శ్వాస వేడి కాఫీ చప్పరించినంత జాగ్రత్తగా. మాస్కులో నీరు చేరితే పై అంచు వేలితో నొక్కి, కాస్త పైకి చూస్తూ ముక్కుతో ఊదాలి. ఇవన్నీ నడుము లోతు ఇసుక మీద నాలుగైదుసార్లు చేసి చూసుకున్నాకే లోతుకి.

ఇప్పుడు ముఖమంతా కప్పే మాస్కులు వచ్చాయి. హాయిగా ఉంటాయంటారు గానీ నాణ్యత లేని వాటిలో కవాటం సరిగ్గా మూసుకోకపోతే వదిలిన గాలే తిరిగి వస్తుంది, కంగారులో వెంటనే ఊడదీయడం కష్టం. రెండు ముక్కల పాత పద్ధతే మేలు.

ఈత రానివాళ్లకి నలుగురికి ఒక రింగు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని బోర్లా పడుకుంటే గైడు తాడు పట్టి లాక్కుపోయేవాడు. గైడుల నోట రోజంతా ఒకే మాట: "తన్నకండమ్మా, తేలండి. నిలబడొద్దు బాబూ, కింద నేల కాదు." నిజంగానే కింద నేల కాదు. ఏడాదికి ఒక సెంటీమీటరు మాత్రమే పెరిగే బండ పగడం మీద మనిషి కాలు పడితే అది పదేళ్ల పని మీద పడ్డట్టు.

అప్పటి జాలీబోయ్ ఎలా ఉండేదంటే, తీరం నుంచి కాస్త ఈదగానే ఇసుక అయిపోయి కొమ్మ పగడాల పొద మొదలయ్యేది. దుప్పి కొమ్ముల్లా, చివరలు లేత నీలం, లేత ఊదా. కొత్తగా పెరిగే చివర మిగతా కొమ్మ కన్నా లేత రంగులో ఉంటుంది. ఆ కొమ్మల సందుల్లోంచి వేలెడంత పచ్చ చేపలు ఒక్కసారిగా బయటికొచ్చి, మనిషి నీడ పడగానే ఒక్కసారిగా లోపలికి పీల్చేసినట్టు మాయమయ్యేవి. పొద దాటితే ఎద్దంత బండ పగడాలు, వాటి మధ్య పెద్ద ఆల్చిప్పలు, అలల గీతలాంటి పెదవులు ముదురు నీలం, ఆకుపచ్చ మచ్చలతో. మన నీడ పడితే ఆ పెదవులు మెల్లగా ముడుచుకునేవి. ఆ తరువాత అడుగు ఏటవాలుగా నీలంలోకి దిగిపోయేది.

చెవులు నీళ్లలో పెట్టి కదలకుండా ఉంటే పాప్‌కార్న్ పేలుతున్నట్టు చిటపటలు వినబడతాయి, అవి పిస్తోలు రొయ్యలు డెక్కతో చిటికేసే చప్పుడు. దాని మీద కరకరమని ఇంకో చప్పుడు, చిలక చేపలది. పక్షి ముక్కులాంటి పళ్లతో పగడపు రాయిని కొరికి, మీది నాచుని తిని, రాయిని పొడి చేసి వెనక నుంచి వదులుతుంది. పోతూ పోతూ తెల్లటి పొగలా జారేది అదే. దీవి ఒడ్డున కాళ్ల కింద మెరిసే తెల్ల ఇసుకలో చాలా వంతు అలా చేప కడుపులోంచి వచ్చిందే.

నీళ్లలో వస్తువు మూడోవంతు పెద్దగా కనబడుతుంది, దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది. మూరెడు దూరంలో ఉందనుకున్న పగడం ఇంకా దూరంలో ఉంటుంది, మూడు అంగుళాల చేప నాలుగు అంగుళాల చేప అనిపిస్తుంది. అయిదారు మీటర్ల లోతుకి ఎరుపు చచ్చిపోతుంది, ఎర్ర చేప బూడిద రంగులో ఉంటుంది. ఫిల్ము రీలు కెమెరాల కాలంలో ముప్పయ్యారు ఫొటోలూ నీలంగా రావడానికి కారణం అదే.

దెబ్బలు తగిలేది తెలియనితనంతోనే. నల్లటి పొడుగు ముళ్ల సీ అర్చిన్ అనే జీవి బండల సందుల్లో ఉంటుంది, ముల్లు గుచ్చుకుంటే లోపలే విరుగుతుంది. రాతిచేప అచ్చం నాచు పట్టిన రాయే. దాని ముల్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ విషం వేడికి విరుగుతుంది. పగడం గీరుకుంటే చిన్నదని వదలకూడదు. మంచి నీళ్లతో బాగా కడిగి, గాయంలో మిగిలిన పొడి పోయేదాకా శుభ్రం చేసి మందు రాయాలి, లేకపోతే వారాల తరబడి మానదు. టైటాన్ ట్రిగ్గర్ చేప గూడు కాపలాలో ఉంటే మీదికి వస్తుంది. దాని హద్దు గూడు మీద గరాటులా పైకి విచ్చుకుని ఉంటుంది, కాబట్టి పైకి కాదు, పక్కకి ఈదాలి. వీపు, మోకాళ్ల వెనక భాగం ఎండకి కాలిపోయేది చల్లటి నీళ్లలో తెలియదు. సన్‌స్క్రీన్ పూసుకుని పగడాల మధ్యకి దిగడం కన్నా నిండు చేతుల బనీను, పొడుగు ప్యాంటు మంచివి.

2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కిందికి దిగింది. వండూర్ ఒడ్డున పెద్ద పెద్ద చెట్లు ఉప్పునీటికి నిలువునా ఎండిపోయాయి, కూలిన మానులు ఏళ్ల తరబడి ఇసుకలో అలాగే పడి ఉన్నాయి. ఉత్తర అండమాన్‌లో మాత్రం నేల పైకి లేచి, పగడాలు గాలికి బయటపడి చచ్చిపోయాయి. జాలీబోయ్ కొమ్మ పగడాలు ఆ దెబ్బకి తట్టుకున్నా, 2010 వేసవికి తట్టుకోలేకపోయాయి. ఏప్రిల్, మే నెలల్లో నీటి వేడి 31 డిగ్రీలు దాటి అలాగే నిలిచింది. పగడం ఒంట్లో నివసించే సన్నటి నాచే దానికి రంగు, తిండి రెండూ. మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు ఉంటే పగడం ఆ నాచుని బయటికి గెంటేస్తుంది. అప్పుడు ఎముకల్లా తెల్లబడుతుంది. అప్పటికి ఇంకా బతికే ఉంటుంది, నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. చల్లబడకపోతే రెండు మూడు వారాల్లో దాని మీద గోధుమ రంగు నాచు మొలుస్తుంది, ఇక అయిపోయినట్టే. కొమ్మ పగడాలు ముందు పోయాయి. బండ పగడాలు చాలా వరకు నిలబడ్డాయి. విరిగిన కొమ్మలు అడుగున చిట్టెముకల్లా పరుచుకున్నాయి. అలలకి అవి దొర్లుతూ ఉంటే కొత్త పిల్ల పగడం అంటుకోవడానికి చోటు దొరకదు. 2016లో మళ్లీ వేడి వచ్చింది. ఇప్పుడు వెళ్లేవాళ్లకి బండ పగడాలు, ఆల్చిప్పలు, చేపలు కనబడతాయి, అక్కడక్కడ దోసెడంత కొత్త కొమ్మలు కూడా. ఆ పొద మాత్రం లేదు. దాన్ని చూసినవాళ్లకి ఆ లేత ఊదా రంగు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఒడ్డున ఏరుకున్న చచ్చిన పగడపు ముక్క కూడా వెంట తీసుకురాకూడదు. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, విమానాశ్రయంలో సంచీ తనిఖీలో పట్టుబడతారు.

భోజనం చెట్ల నీడలో. తడి ఇసుక మీద కూర్చుంటే ఇసుక ఈగలు కుడతాయి, ఆ దురద వారం పోదు. కాళ్లకి కొబ్బరినూనె పట్టించి, చాప మీద కూర్చునేవాళ్లు గెలిచేవారు. రెండు అవుతుండగా సరంగు నీటి గీత చూసి కేకేసేవాడు. ఆటు బాగా తీస్తే పాయ మొదట్లో బురద మేట మీద లాంచీ అడుగు తగులుతుంది, పోటు వచ్చేదాకా అక్కడే. ఎక్కేముందు తలలు లెక్క, ఎక్కాక మళ్లీ లెక్క, స్టీలు సీసాలూ లెక్క.

ఒడ్డు చేరాక మాస్కులు మంచి నీళ్ల బకెట్‌లో కాసేపు నానబెట్టాలి, పైపైన తొలిపితే ఉప్పు పలుకులు కవాటం కింద మిగిలి మళ్లీసారికి కారుతుంది. ఆరబెట్టడం నీడలోనే. అద్దం నేలకి ఆనకుండా, అంచు దేనికీ నొక్కుకోకుండా. గైడులు ఆ మాస్కుల్ని జెట్టీ పక్క చెట్టు కొమ్మకి పట్టీలతో వరసగా తగిలించేవారు, సాయంత్రం గాలికి అవన్నీ ఒకే వైపు తిరిగి సముద్రం కేసి చూస్తుండేవి.